నల్లగొండ టెక్నిక్ గురించి నల్లగొండలో చదువుకోలేమా?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. ఉత్తరం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే కత్తిరించండి, గ్రంథాలయ సెస్సు గురించి రాసిన నాలుగు మాటలు మాత్రం ఉంచండి.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఈసారి సైన్స్ ఫెయిర్‌కు ఫ్లోరైడ్ నీళ్ల మీద ప్రాజెక్టు చేస్తానంది. వాళ్లది మర్రిగూడ దిక్కు ఊరు. వాళ్ల నాయనమ్మకు వెన్ను, మెడ బిగుసుకుపోయి చాలా ఏళ్లయింది, పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూడాల్సిందే. అందుకే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) అంటే ఏమిటో ఆ పిల్లకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఫోన్లో వెతుకుతుంటే ఇంగ్లిష్‌లో ఒక పేరు కనపడిందట, రాసుకొచ్చి అడిగింది: "టీచర్, నల్లగొండ టెక్నిక్ అని ఉంది, ఈ నల్లగొండ మనదేనా?"

మనదే. నాగపూర్‌లో ఉన్న నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, 1970ల్లో తయారుచేసిన పద్ధతి అది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కొలత ప్రకారం వేసి, బాగా తిప్పి, కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు వడగట్టుకోవాలి. ఫ్లోరైడ్‌లో చాలా భాగం పటిక మడ్డితో పాటు అడుగుకు దిగిపోతుంది. పెద్ద మిషన్లు అక్కర్లేదు, ఇంట్లో బకెట్లో కూడా చేసుకోవచ్చు. టాంజానియా, ఇథియోపియా లాంటి దేశాల్లో కూడా మన ఊరి పేరుతోనే దీన్ని వాడి చూశారు. ఇదంతా చెప్తే పిల్ల ఎంతో సంబరపడింది. మర్నాడు ఇంకో ప్రశ్న తెచ్చింది. "మరి బకెట్ అడుగున మిగిలిన మడ్డిని ఏడ పారబొయ్యాలె టీచర్? బోరు పక్కన పోస్తే మళ్లీ నీళ్లలకే పోతది గదా?"

ఇన్నేళ్ల సర్వీసులో నన్ను ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు, నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానమ్మా అన్నాను. ఆ రేపు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల సంగతే ఈ ఉత్తరం.

మొదట అందరిలాగే ఫోన్లో వెతికాను. ఫ్లోరైడ్ అని కొడితే చాలు ఆర్వో మిషన్ల ప్రకటనలు, టూత్‌పేస్ట్ మంచిదా కాదా అనే వీడియోలు, ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తిరాసిన వ్యాసాలు. తర్వాత గూగుల్ స్కాలర్‌లో వెతికితే అసలైన పరిశోధన వ్యాసాల పేర్లు బయటపడ్డాయి, మన జిల్లా పేరు శీర్షికలోనే ఉన్నవి కూడా కనపడ్డాయి. సంతోషంగా ఒక్కొక్కటి నొక్కుతూ పోతే చాలావాటికి పైన నాలుగు వాక్యాల సారాంశం, కింద డబ్బు కట్టమనే గడి. అదీ డాలర్లలో. కట్టినా లోపల మడ్డి సంగతి ఉంటుందో లేదో తెలియదు, తెరిస్తే గానీ తెలియదు, తెరవాలంటే కట్టాలి.

ఇక్కడ ఒక విషయం రాయాలి, నాకు బాగా తగిలిన విషయం. దక్షిణాదిలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ల గురించి. రాసినవాళ్లు షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు. ఆ వ్యాసం వచ్చిన పాత వైద్య పత్రిక సంచికలను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్లు స్కాన్ చేసి పబ్‌మెడ్ సెంట్రల్ అనే చోట పెట్టారు, అందరికీ ఉచితం. దాదాపు తొంభై ఏళ్ల కిందటి కాగితం మా ఇంట్లో కూర్చుని ఫోన్లో చదివాను. మన జిల్లాకు వచ్చేసరికి సంగతి వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పిల్లలకు, పడుచువాళ్లకు మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని గమనించి 1973లో లాన్సెట్‌లో రాశారు. పరిశోధన చేసింది మనకు వంద కిలోమీటర్ల దూరంలో, అచ్చయింది లండన్ పత్రికలో, చదవాలంటే డాలర్లు. చివరికి విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న నా పాత విద్యార్థికి ఫోన్ చేస్తే, వాడు తన దగ్గర తెరిచి మెల్లగా చదువుతూ ఉంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. జిల్లా పిల్లల కాళ్ల గురించి రాసిన రెండు మూడు పేజీలను జిల్లా టీచర్ ఫోన్లో విని రాసుకోవాల్సి వచ్చింది.

అంతకు ముందే ఉమ్మడి జిల్లాలోని ఒక గ్రంథాలయానికి పోయాను. ఏదో చెప్పను, అక్కడివాళ్ల తప్పని నేను అనుకోవడం లేదు. హాలు నిండా గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్‌కు చదువుకునే పిల్లలు, టిఫిన్ డబ్బాలతో సహా పొద్దున్నే వచ్చి కూర్చున్నారు, చూస్తే కడుపు నిండినట్టయింది. ఫ్లోరైడ్ మీద ఏమైనా ఉన్నాయా అని అడిగితే అక్కడున్న అతను బీరువా తీసి పర్యావరణ అధ్యయనం గైడ్లు రెండు ఇచ్చాడు. పరిశోధన వ్యాసాల డేటాబేస్‌లు, జర్నల్స్ ఏమైనా చూడొచ్చా అన్నాను. "అట్లాంటివి ఇక్కడ ఉండవు మేడం, పేపర్లు, పుస్తకాలే" అన్నాడు. పాపం, తలుపు తీసేది, పేపర్లు కట్టలు కట్టేది, మెంబర్‌షిప్ రాసేది, సాయంత్రం తాళం వేసేది అన్నీ అతనే. రెఫరెన్స్ అని బోర్డున్న గదిలో నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, పాత గెజిటీర్లు ఉన్నాయి, బాగానే ఉన్నాయి, అయితే ఆ గదిలో మనిషి లేడు.

రెఫరెన్స్ గదికి మనిషి ఎందుకు, పుస్తకాలు ఉన్నాయి కదా, ఫోన్ ఉంది కదా అనేవాళ్లు ఉంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. వేరే పని మీద హైదరాబాద్ పోయినప్పుడు అక్కడి ఒక పెద్ద గ్రంథాలయంలో రిటైర్మెంట్‌కు దగ్గరపడిన లైబ్రేరియన్ ఒకామె దొరికింది. నేను "ఫ్లోరైడ్ మీద ఏదైనా" అంటే ఆమె వెంటనే లేచి బీరువా దగ్గరకు పోలేదు. కూర్చోమని ప్రశ్నలు వేసింది. ఎవరి కోసం, మీ కోసమా పిల్లల కోసమా? జబ్బు గురించా, నీళ్లు శుద్ధి చేయడం గురించా? ఏ సంవత్సరం నుంచి? ఇప్పటిదాకా ఏం చూశారు, ఏ మాటలతో వెతికారు? పది నిమిషాలు నన్నే అడిగింది. ఆ పది నిమిషాల్లో నాకు కావలసింది ఏమిటో నాకే తెలిసొచ్చింది.

తర్వాత ఆమె చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను, మన ప్రాంతం మీద ఏది వెతికేవాళ్లకైనా పనికొస్తాయి. మన జిల్లా ఒక్క పేరు కింద దొరకదట. 1956కు ముందువి హైదరాబాద్ స్టేట్ కింద ఉంటాయి, 1956 నవంబర్ నుంచి 2014 జూన్ దాకా ఆంధ్రప్రదేశ్ కింద, తర్వాతవి తెలంగాణ కింద. తెలంగాణ అని మాత్రమే కొట్టి వెతికితే అరవై ఏళ్ల పరిశోధనలో చాలా భాగం కంటికి కనపడదు. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా రాశారు, పాలమూరు అనీ రాశారు, అన్ని స్పెల్లింగులతోనూ వెతకాలి. నల్లగొండ పాత పేరు నీలగిరి, 1922లో ఇక్కడి నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నడిపిన నీలగిరి పత్రిక గురించి చూద్దామని ఆ పేరు కొడితే తమిళనాడు నీలగిరి కొండలే వరుసగా వస్తాయి. ఇంకొకటి, 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టాక ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరులో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అప్పుడే వచ్చాయి, నారాయణపేట 2019లో వచ్చింది. 2011 జనాభా లెక్కల పుస్తకాల్లో మీ ఊరు ఇప్పుడున్న జిల్లా కింద కాకుండా పాత జిల్లా కింద ఉంటుంది. నిజాం కాలం కాగితాలు ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి, సుమారుగా 590 కలుపుకుంటే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఊరి చరిత్ర రాసేవాళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోయేముందు ఇది తెలిసి ఉంటే రెండు రోజులు మిగులుతాయి.

వైద్యం సంగతులైతే డాక్టర్లు వాడే పేరుతో వెతకాలని చెప్పింది. మోకాళ్ల వంకర అని ఇంగ్లిష్‌లో మామూలు మాటలతో వెతికితే ఆపరేషన్ల ప్రకటనలు వస్తాయి, జెను వాల్గమ్ అని వెతికితే పరిశోధనలు వస్తాయి. రెండు మూడు మాటలు కలిసే రావాలంటే వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. ఒక మంచి వ్యాసం దొరికితే దాని చివర ఉన్న ఆధార వ్యాసాల పట్టిక పట్టుకుని వెనక్కి పోవాలి, దాన్ని ఆ తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో చూసి ముందుకు రావాలి. ఉచితంగా ఉన్నవేమిటో కూడా చూపించింది. శోధ్‌గంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో స్కూలు పుస్తకాల నుంచి పరిశోధనల దాకా ఉన్నాయి. పాత తెలుగు పత్రికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి పెట్టింది. ఇవన్నీ నా ఫోన్‌కు ఎప్పటినుంచో అందుబాటులోనే ఉన్నాయి, నాకు తెలియదంతే. టీచర్‌కే తెలియకపోతే పిల్లకు ఎవరు చెప్తారు?

మడ్డి గురించిన జవాబు కూడా అలాగే దొరికింది. వెతికిన మాటలు మార్చగానే మూడు వ్యాసాలు వచ్చాయి, ఒకటి ఉచితం. ఆ పద్ధతికి ఉన్న పెద్ద లోపాల్లో ఒకటి ఈ మడ్డేనట, అందులో నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడ్, పటికలోని అల్యూమినియం రెండూ ఉంటాయి కాబట్టి బావులకు, బోర్లకు దూరంగా జాగ్రత్తగా వదిలించుకోవాలి. కొలత తప్పితే తేరిన నీళ్లలో కూడా అల్యూమినియం మిగులుతుంది, మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం వేరే దారి లేనప్పుడు కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్‌కు ఆ హద్దు 1.5. తొమ్మిదో తరగతి పిల్లకు తట్టిన అనుమానమే ఇంజనీర్లు కూడా రాశారని చెప్తే దాని మొహం చూడాలి మీరు.

ఇప్పుడు డబ్బు కట్టి చదవాల్సిన వ్యాసాల సంగతి. కేంద్ర ప్రభుత్వం 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని ఒక పథకం నడుపుతోంది. మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నల్స్‌ను 6,300 పైగా సంస్థలకు అందుబాటులోకి తెచ్చారు. చాలా మంచి పని, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. అయితే అది ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, కాలేజీలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు. పబ్లిక్ లైబ్రరీలకు కాదు. అంటే నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలకు ఉన్న దారి, గోడకు ఇవతల ఉన్న హైస్కూల్ టీచర్‌కు, పీహెచ్‌సీ నర్సుకు, ఊరి చరిత్ర రాసుకునే రిటైర్డ్ వీఆర్వోకు, కేసు కోసం వెతికే జూనియర్ లాయర్‌కు, పత్తి చేను ఎందుకు ఎర్రబడుతోందో తెలుసుకోవాలనుకునే రైతుకు లేదు. డిగ్రీ అయిపోయిన రోజే ఆ తలుపు మూసుకుంటుంది. జనం పన్నులతో కొన్న జర్నల్స్ ఇవి, జనం కూర్చునే గ్రంథాలయంలో కనీసం ఒక కంప్యూటర్‌లోనైనా తెరుచుకోవాలి కదా.

అమెరికాలో ఉంటున్న మా అక్క కూతురికి ఈ కథంతా చెప్తే, వాళ్ల ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు నంబరు కొట్టి ఇంట్లోంచే పాత పత్రికలు, జర్నల్స్ చదువుకుంటుందట, అనుమానం వస్తే లైబ్రేరియన్‌కు రాస్తే జవాబు పంపుతారట. వాళ్లతో పోల్చుకోవాలని కాదు, కార్డు మన దగ్గరా ఉంది, గ్రంథాలయం మన దగ్గరా ఉంది అని గుర్తు చేయడానికి రాశాను.

డబ్బు ఎక్కడిది అంటారు. ఉంది. మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అదనంగా కడుతున్నాం, 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం. పన్ను రసీదు తీసి చూడండి, ఆ గడి కనపడుతుంది. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైన సెస్సు సంస్థకు చేరకుండా బకాయి పడిందనే వార్తలు మన పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? నాకు కావలసింది ఏమిటంటే, మీ విలేఖరులు ఒక్కసారి దక్షిణ తెలంగాణ జిల్లాలన్నిటిలో కూర్చుని ఈ లెక్క తీయాలి: ఏ మున్సిపాలిటీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది, దానితో ఏం కొన్నారు, ఎంతమందిని పెట్టుకున్నారు. నాలాంటివాళ్లు సమాచార హక్కు కింద అడిగితే ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క దరఖాస్తు పెట్టాలి, పత్రిక తలుచుకుంటే వారంలో అవుతుంది.

రెఫరెన్స్ సేవ అంటే పరిశోధకులకే అనుకోవద్దు. ఆ రోజు రీడింగ్ హాల్ బయట చాయ్ దగ్గర ఇద్దరు పిల్లలు వాదించుకుంటున్నారు, 1996లో నల్లగొండ పార్లమెంటు సీటుకు ఎంతమంది నిలబడ్డారని. ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినపడాలని వందల మంది నామినేషన్లు వేసిన ఎన్నిక అది, బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలాగా అచ్చు వేయాల్సి వచ్చింది. ఒక గైడులో ఒక అంకె ఉందట, ఇంకో యాప్‌లో ఇంకో అంకె. ఎన్నికల సంఘం గణాంకాల నివేదికలో 480 అని ఉంది, ఉచితంగానే దొరుకుతుంది. ఆ నివేదిక ఎక్కడ ఉందో చూపించే మనిషి హాల్లో ఉంటే ఆ ఇద్దరికీ ఈ ఒక్క ప్రశ్నే కాదు, ఏ గైడును ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసేది. సొంత ఊరు వదిలి గది అద్దె కట్టుకుని నాలుగైదేళ్లు చదివే పిల్లలు వీళ్లు, ఒక తప్పు అంకెతో ఒక మార్కు పోతే వాళ్లకు ఎంత టెన్షనో మనకు తెలుసు.

మన దిక్కు గ్రంథాలయాలు ఎవరో దానం చేస్తే వచ్చినవి కావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు ఉన్నారు, రావిచెట్టు రంగారావు గారు, కొమర్రాజు లక్ష్మణరావు గారు ఉన్నారు. మునగాల ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. తెలుగు పుస్తకం చదవడమే కష్టమైన రోజుల్లో వాళ్లు అంత పని చేస్తే, ఇవాళ ఒక లాగిన్, ఒక మనిషి మనకు బరువవుతాయా?

జిల్లా గ్రంథాలయ సంస్థలను, ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్దది కాదు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో లైబ్రరీ సైన్స్ చదివిన ఒకరిని రెఫరెన్స్ పనికే పెట్టండి. తాళం చెవులు, హాజరు పట్టీలు వాళ్ల చేతికి ఇవ్వకండి. మన జిల్లాల్లో లైబ్రరీ సైన్స్ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఉన్నారు. జర్నల్స్ పథకాన్ని పబ్లిక్ లైబ్రరీలకు కూడా వర్తింపజేయమని రాష్ట్రం నుంచి కేంద్రానికి రాయండి, అది వచ్చేదాకా వారానికి రెండు రోజులైనా బయటివాళ్లు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే ఏర్పాటు చేయించండి. అలాగే ఎవరు ఏం అడిగారు, ఏం దొరికింది, ఏం దొరకలేదు అని ఒక రిజిస్టర్ పెట్టండి. ఆ దొరకనివాటి పట్టిక చూస్తే ఏం కొనాలో అదే చెప్తుంది. పాఠకుడి సమయం ఆదా చేయాలని మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాసి పెట్టారు, నాకు ఒక్క ప్రశ్నకు ఐదు వారాలు పట్టింది.

మా అమ్మాయి ప్రాజెక్టు నడుస్తోంది. రెండు బకెట్లు, పటిక, సున్నం తెచ్చుకుంది, వాళ్ల బోరు నీళ్లు బాటిల్లో పట్టుకొచ్చింది. ఇప్పుడు దానికి ఏ డేటాబేస్‌లోనూ దొరకనిది ఒకటి కావాలి: మన జిల్లా ఊళ్లలో ఈ పద్ధతితో నీళ్లు శుద్ధి చేసిన రోజుల్లో మడ్డిని నిజంగా ఎక్కడ పోశారు, ఆ ట్యాంకులు ఎందుకు ఆగిపోయాయి అనేది. అక్కడ పనిచేసిన ఆపరేటర్లు గానీ, తాగునీటి శాఖలో రిటైరైన వాళ్లు గానీ, ఆ నీళ్లు తాగిన పెద్దవాళ్లు గానీ ఎవరైనా ఈ ఉత్తరం చదివితే దయచేసి పత్రికకు ఒక ముక్క రాయండి. వాళ్లు చెప్పింది రాసుకోవడానికి ఆ పిల్ల కొత్త నోటుబుక్కు కొనుక్కుని ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బయాలజీ టీచర్, నల్లగొండ జిల్లా